జుట్టు సేద్యం

కొత్తలంకపాలెంలో బుర్రా వారిల్లు ఎక్కడ అని ఎవరినడిగినా చూపిస్తారు. చూపించి, ఓ నవ్వు నవ్వుకుని మరీ పోతారు. ఆ నవ్వు తమ తెలివి చూసి పుట్టిన ముచ్చటని బుర్రా వారి నమ్మకం.

"ఊళ్ళో వాళ్ళకి బుర్ర మెడ మీద ఒక్కటే. మనకి ఇంటిపేరులో ఇంకోటి. తలకి రెండేసి!" అని ఇంటిపెద్ద గవర్రాజు పొద్దున్నే మీసం మెలేస్తూ అనేవాడు.

ఆ రెండు బుర్రల ప్రతాపం చెప్పనలవి కాదు. ఓసారి బస్సులో కండక్టరు "రాడ్డు గట్టిగా పట్టుకో పెద్దాయనా" అన్నాడు. గవర్రాజు పట్టుకున్నాడు. ఊరొచ్చింది, వదల్లేదు. వదలమని ఎవరూ చెప్పలేదుగా! డిపో దాకా పోయి, అక్కడ బస్సు కడిగేవాడు వదలమంటే వదిలి, నడిచి ఇంటికొచ్చాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యడం అందరి వల్లా కాదు" అని భార్య వరాలమ్మ దిష్టి తీసింది. గవర్రాజు తల్లి బుచ్చమ్మ మామ్మ, డాక్టరు నోరు తెరవమంటే తెరిచి ఇంటికొచ్చేదాకా మూయని మనిషి. ఇక ఒక్కగానొక్క కొడుకు తాతబ్బులు ఇంటరు దాకా చదివాడు. అంటే ఉన్న తెలివికి తోడు మెరుగు కూడా పెట్టించుకున్నవాడు.

తాతబ్బులికి తెలివి కన్నా గొప్పది ఇంకోటుంది. జుట్టు. భుజాల దాకా, నల్లగా, నిగనిగలాడుతూ. ఆ జుట్టు ఆరబోసుకుని తీయించుకున్న ఫోటో పెళ్ళిళ్ళ పేరయ్య చేతిలో పడి, కాలవ అవతలి ఊళ్ళో హైమ అనే అమ్మాయికి చేరింది. ఆ అమ్మాయి ఫోను చేసి, "మీ జుట్టు భలే ఉందండీ. శుక్రవారం మేమే మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నాం" అంది. తాతబ్బులు "ఆ" అన్నాడు. ఆ తర్వాత ఫోను పెట్టేసిందని కూడా చూసుకోకుండా చాలాసేపు "ఆ" అంటూనే ఉన్నాడు. హైమ కాకపోతే ఇంకెవరూ వద్దని ఆ పూటే తేల్చేసుకున్నాడు.

అక్కడితో ఊరుకుంటే కథే లేదు. హైమ ఫోటో ఇవ్వడానికొచ్చిన పేరయ్య పోతూ పోతూ "పిల్ల బంగారం అబ్బులూ" అన్నాడు.

తాతబ్బులు ఆలోచనలో పడ్డాడు. పిల్ల బంగారం. తన జుట్టేమో నలుపు. పక్కపక్కన పీటల మీద కూర్చుంటే ఏం బాగుంటుంది? అంతే! టౌనుకి పోయి, సెలూన్‌లో జుట్టుకి బ్లీచింగు పెట్టించి, బంగారం రంగు కొట్టించి, అది చాలదన్నట్టు వేడి ఇస్త్రీ పెట్టించి సాపు చేయించుకొచ్చాడు.

ఇంకేముంది, రంగు బంగారమే వచ్చింది. జుట్టు మాత్రం వరిగడ్డి అయింది. దువ్వెన పెడితే పుటుక్కు. తల తిప్పితే పుటుక్కు. హైమని తలుచుకుని నిట్టూరిస్తే ఆ గాలికి కూడా రెండు రాలాయి. అద్దంలో చూసుకుని తాతబ్బులు ఘొల్లుమన్నాడు.

"అమ్మా! ఆ అమ్మాయి జుట్టు చూసే ఒప్పుకుందే! ఇప్పుడిది చూస్తే వచ్చిన దారినే పోతుందే!"

"ఏడవకురా. ఏడిస్తే తల ఊగుతుంది, ఇంకా రాలిపోతుంది" అని వరాలమ్మ ఓదార్చింది.

నలుగురూ కలిసి ఊళ్ళో బ్యూటీ పార్లరు నడిపే స్వర్ణ దగ్గరికి పరిగెత్తారు. స్వర్ణ ఒక వెంట్రుక పట్టుకుని సాగదీసింది. పుటుక్కు. ఆ వెంట్రుక వంకా, ఆ నలుగురి వంకా చూసింది.

"ఎవరండీ ఈ పాపం చేసింది?"

"నేనే. డబ్బులిచ్చి మరీ" అన్నాడు తాతబ్బులు ఉన్నదున్నట్టు.

"వినండి. వెంట్రుకంటే ప్రోటీను. దాన్నో పూసల దండ అనుకోండి. ఆ పూసలే అమైనో ఆమ్లాలు. మీరు పెట్టించిన మందుకీ వేడికీ ఆ దండ తెగి, వెంట్రుక నిండా చీలికలు పడ్డాయి. ఇదిగో, ఈ కండిషనర్లో ఆ అమైనో ఆమ్లాలే ఉన్నాయి. మహా సన్నవి. చీలికల్లోకి దూరి సర్దుకుంటాయి. తేమ నిలుస్తుంది, జుట్టుకి కాస్త బలం వస్తుంది, తెగడం తగ్గుతుంది. పోయిన జుట్టు తిరిగి రాదు. ఉన్నది నిలబడుతుంది. పంటకి బలం మందు లాంటిదనుకోండి."

"ఆమ్లమంటే యాసిడ్డేగా! మా మనవడి తలేమన్నా మరుగుదొడ్డా?" అని బుచ్చమ్మ మామ్మ లేచింది.

"పేరే అంత మామ్మగారూ. మీరు తినే పప్పులోనూ గుడ్డులోనూ ఉండేదీ ఇదే."

ఆ మాట వరాలమ్మ చెవిలో పడి, అక్కడే ఉండిపోయింది. తర్వాత చాలా నష్టం చేసింది.

"ఎలా రాయాలంటే, తలంటుకున్నాక తడి జుట్టుకి మధ్య నుంచి చివర్ల దాకా పట్టించాలి. మాడుకి తగలనివ్వద్దు. మూడు నిమిషాలు అలా వదిలేయండి. తర్వాత చన్నీళ్ళతో కడిగెయ్యండి. కండిషనర్ని వేడినీళ్ళతో కడగొద్దు. వారానికోసారి చాలు. అర్థమైందా?"

"అమ్మాయీ, మా ఇంటిపేరు తెలుసా?" అన్నాడు గవర్రాజు.

"తెలుసు బాబాయ్‌గారూ. అందుకే అడుగుతున్నా."

ఇంటికొచ్చాక అరుగు మీద సభ పెట్టారు. జుట్టుకి తగలాలి, మాడుకి తగలకూడదు. జుట్టేమో మాడు మీదే ఉందాయె! ఎలా?

"జుట్టొక చోటా, తలొక చోటా ఉండాలి" అంది వరాలమ్మ.

"మధ్యలో గోడ ఉండాలి" అంది మామ్మ.

"కిటికీ!" అని అరిచాడు తాతబ్బులు. చదువుకున్నవాడు చదువుకున్నవాడే!

అంతే! తలంటి, తాతబ్బుల్ని కిటికీకి వీపు ఆనించి గదిలో కూర్చోబెట్టారు. తల లోపల, జుట్టు ఊచల్లోంచి బయట. వెనక్కి జారి మాడుకి తగులుతుందేమోనని కొసలు పురికొసతో ఊచలకి కట్టేశారు. గవర్రాజు పెరట్లో నిలబడి, గోడకి సున్నం వేసినట్టు కండిషనర్ పట్టించాడు. సీసా కిటికీ గట్టు మీద పెట్టాడు.

"ఇప్పుడు మూడు నిమిషాలు వదిలేయాలి. పదండి" అన్నాడు.

"ఎక్కడికి?" అంది వరాలమ్మ.

"వదిలేయమంటే మళ్ళీ ఎక్కడికంటావేమిటే? వదిలేసి పోవాలి! ఇక్కడే ఉంటే వదిలేసినట్టా?"

ముగ్గురూ వీధి తలుపుకి తాళం వేసి కాలవ గట్టు మీదికి పోయి నిలబడ్డారు. గవర్రాజు వాచీ చూస్తూ, ఇంటి వైపు ఎవరూ తిరగకుండా కాపలా కాశాడు.

పెరట్లో గేదె ఉంది. మేత వేసే వేళ దాటిపోయింది. అది తలెత్తి చూసేసరికి కిటికీకి ఏముంది? బంగారు రంగులో, తడితడిగా, కమ్మటి వాసనతో, ఊచలకి కట్టి మరీ పెట్టిన గడ్డి! దాని బతుకులో ఇంత మర్యాద ఎవరూ చెయ్యలేదు.

లోపల తాతబ్బులికి జుట్టు చివర్ల చిన్నగా లాగినట్టయింది. "దూరుతున్నాయి" అనుకున్నాడు. వెచ్చగా, గరుగ్గా ఏదో తగిలింది. "సర్దుకుంటున్నాయి" అనుకున్నాడు. ఇంతలో కరకరా చప్పుడు. "పూసలు గుచ్చుకుంటున్నాయి!" అని మురిసిపోయి, కాలవ గట్టుకి వినపడేలా కేక పెట్టాడు.

"నాన్నా! భలే పనిచేస్తోంది! తల ఊడొచ్చేట్టు పనిచేస్తోంది!"

"పని మధ్యలో మాట్లాడకురా!" అని గట్టు మీంచి గవర్రాజు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి కుడివైపు జుట్టు చెవి దాకా లేదు. కండిషనర్ సీసా కుడితి తొట్టిలో తేలుతోంది. గేదె నెమరు వేస్తోంది.

"నా జుట్టు!" అన్నాడు తాతబ్బులు, లేనివైపు తడుముకుంటూ.

"ఏవండీ, గేదె అంత మందు తిందే, పాలల్లోకి రాదూ?" అంది వరాలమ్మ.

"వస్తే మంచిదేగా? పాలు తలకి రాసుకోవచ్చు."

"మరి కాఫీలో పోసుకుంటే?"

"పొట్టలో జుట్టుంటే అది గట్టిపడుతుంది" అని మామ్మ తీర్పు చెప్పింది. ఆ మాటకి ముగ్గురూ తలూపారు. తాతబ్బులు కూడా ఊపబోయి, ఉన్న కాస్తా రాలుతుందని ఆగాడు.

కొత్త సీసాకి పార్లరుకి పరిగెత్తితే తాళం. స్వర్ణ ఏదో పెళ్ళికూతురికి ముస్తాబు చెయ్యడానికి ఊరెళ్ళింది, శుక్రవారం దాటితే గానీ రాదట. తాతబ్బులు పార్లరు మెట్ల మీదే కూలబడ్డాడు. హైమ ఫోటో తీసి చూసుకున్నాడు. ఆ ఫోటోలో అమ్మాయి తన కుడివైపే చూస్తున్నట్టనిపించింది.

"లేవరా! బలం మందంటే పార్లర్లోనే ఉంటుందా?" అని గవర్రాజు తొడ చరిచాడు. "మన పాకలో డ్రమ్ము మాటేంటి?"

ప్రకృతి సేద్యం వాళ్ళు ఊరికొచ్చి నేర్పితే, గవర్రాజు చేపలూ బెల్లమూ కలిపి డ్రమ్ములో మాగబెట్టాడు. వరిచేలో చల్లడానికి. దాని పేరు? చేప అమైనో ఆమ్లం!

"చూశావా, అదే పేరు! ఆ పిల్ల సీసాడు అమ్ముతోంది. మన దగ్గర డ్రమ్ముడు మూలుగుతోంది!"

అంతే, డ్రమ్ము మూత తీశారు. పక్కింటివాళ్ళు కిటికీలు మూశారు.

మోతాదు ఎంత అన్నది చిక్కు ప్రశ్న. ఎకరానికింత అని నేర్పారు గానీ తలకింత అని నేర్పలేదు. గవర్రాజు టేపు తెచ్చి కొడుకు తల కొలిచాడు. నుదురు సరిహద్దు ఎక్కడ, చెవుల పక్కన పోరంబోకు ఎంత అన్న దగ్గర మామ్మకీ గవర్రాజుకీ మాటామాటా పెరిగింది.

"ఇది ఎన్ని సెంట్లురా అబ్బులూ?"

"సెంటులో ఎన్నో వంతుంటుంది నాన్నా. అందులో సగం గేదె మేసింది."

"మిగతాది చౌడు. చౌడుకి మందు ఎక్కువ పట్టాలి. డ్రమ్ము నేరుగా కొట్టేద్దాం!"

వీపుకి స్ప్రేయరు తగిలించుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని, గాలివాలు చూసుకుని, గవర్రాజు కొడుకు చుట్టూ తిరుగుతూ కొట్టాడు. అటు సాలూ, ఇటు సాలూ. మందు కొట్టిన చోట ఎవరూ అడుగుపెట్టకూడదని తలలో చిన్న ఎర్రజెండా కూడా పాతాడు. తాతబ్బులు ఆ జెండాతో ఎండలో కూర్చున్నాడు.

ముందు ఓ పిల్లి వచ్చింది. తర్వాత దాని బంధువులు వచ్చారు. కాసేపటికి ఊళ్ళో పిల్లులన్నీ తాతబ్బులు చుట్టూ కూర్చుని, హరికథకి వచ్చినట్టు తలెత్తి చూస్తున్నాయి. ఆ వెనకే బెల్లం కోసం ఎర్రచీమలు. గోడ మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి మెడ మీదికి, మెడ మీంచి పైకి.

"నాన్నా, తలలో ఏదో పాకుతోంది!"

"అమైనో ఆమ్లాలురా. చీలికలు వెతుక్కుంటున్నాయి."

"కుడుతున్నాయి కూడా!"

"కుట్టకపోతే చీలికలు ఎలా అతుక్కుంటాయి?"

తాతబ్బులు ఓర్చుకున్నాడు. హైమ కోసం చీమలేమిటి, తేళ్ళయినా ఓర్చుకునేవాడు. కానీ ఓ గండుపిల్లి ఓర్చుకోలేదు. ఎగిరి తల మీద పడింది. ఇంకేముంది, కుర్చీ ఓవైపు, జెండా ఓవైపు. తాతబ్బులు వీధి వెంట పరుగు. వెనక పిల్లుల దండు. వాటి వెనక గవర్రాజు, "మందు ఆరేదాకా నీడకి పోకురోయ్!" అని అరుస్తూ.

పట్టుకొచ్చి చూస్తే ఉన్న జుట్టు ఉండలు కట్టి, చీమలతో సహా గట్టిపడింది. తెల్లారితే శుక్రవారం.

తెల్లవారగానే వరాలమ్మ కొంగు బిగించింది. "మీ మగాళ్ళు చేసింది చాలు. స్వర్ణ ఏమంది? అదే సరుకు గుడ్డులోనూ పప్పులోనూ ఉందంది. నా వంటింట్లో ఉన్నదానికి పార్లరెందుకు, డ్రమ్మెందుకు?" అని, పెసరపప్పు రుబ్బి, గుడ్లు కొట్టి పోసి, గిలక్కొట్టి కొడుకు తలకి దట్టంగా పట్టించింది. మామ్మ అలవాటు చొప్పున కాస్త ఉప్పు కూడా వేసింది.

"కడగడానికి చన్నీళ్ళేగా అమ్మా? వేడినీళ్ళొద్దంది కదా?" అన్నాడు తాతబ్బులు, కళ్ళు మూసుకుని.

"కండిషనర్ని వేడినీళ్ళతో కడగొద్దంది. గుడ్డు సంగతి ఎత్తనేలేదు. ఇంత జిడ్డు చన్నీళ్ళకి పోతుందా, పిచ్చి సన్నాసీ!" అని చేతికి చురుక్కుమనేంత వేడినీళ్ళు కాచి, చెంబులతో కుమ్మరించింది.

అంతే! తల మీద పెసరట్టు వేసినట్టయింది. అక్కడక్కడ ఉడికీ, అక్కడక్కడ ఉడక్కా, గడ్డకట్టి, చీమలు జీలకర్రలా అంటుకుని, ఘుమఘుమలాడుతూ కూర్చుంది. దువ్వెన గుచ్చితే దువ్వెన అక్కడే ఉండిపోయింది.

"వాసన బాగుంది" అంది మామ్మ. "అల్లం పడాల్సింది."

వంతెన దగ్గర సెలూను అప్పన్నని పిలిపించారు. అప్పన్న చుట్టూ తిరిగి చూశాడు. కత్తెర తీసి మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

"అబ్బులూ, ఇది కత్తెర పని కాదు. అట్లకాడ పని."

గుండు పని పూర్తయ్యేసరికి వీధిలో ఆటో ఆగింది. హైమా, వాళ్ళ నాన్న కామరాజూ దిగారు. గవర్రాజు గబగబా కొడుకు తలకి తన తలపాగా చుట్టి, చెవిలో ఊదాడు: "అడిగినదానికి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. మనది అబద్ధమాడే వంశం కాదు."

తాతబ్బులు కుర్చీ అంచున కూర్చున్నాడు. హైమ ఫోటోలో కన్నా బాగుంది. కాఫీ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి, నవ్వు బిగబట్టి అడిగింది.

"తలపాగా తీయరా? జుట్టు చూద్దామనే కదా వచ్చింది."

"తీస్తానండీ. కింద జుట్టు లేదండీ."

"ఎక్కడుంది?"

"సగం గేదె కడుపులో, సగం అప్పన్న చీపురు కింద."

కామరాజు చేతిలో కాఫీ తొణికింది. హైమ గ్లాసు కింద పెట్టింది. "మొదట్నుంచీ చెప్పండి" అంది.

చెప్పాడు. బంగారం, కిటికీ, గేదె, జెండా, పిల్లులు, పెసరట్టు. ఒక్కటీ దాచలేదు. హైమ ముందు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత గోడకి ఆనుకుంది. చివరికి కళ్ళు తుడుచుకుంటూ ముక్కు చీదింది. తాతబ్బులు అది దుఃఖమేమోనని బెంగపడి, "మీరు ఏడవకండి, రాలిపోతుంది" అన్నాడు.

"లే అమ్మా, పోదాం" అన్నాడు కామరాజు.

తాతబ్బులు నెమ్మదిగా తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండు మీద చీమ కాట్లు ఎర్రగా మెరుస్తున్నాయి.

"అండీ, జుట్టు పోయిందని నాకేం లేదు. అది మీకు నచ్చింది. నచ్చిందాన్ని పాడుచేశాను. తప్పు నాదే."

హైమ నవ్వడం మానేసి ఆ కాట్ల వంక చూసింది.

"ఇన్ని కుడుతుంటే కదలకుండా కూర్చున్నారా?"

"మీరొస్తున్నారు కదండీ."

"నాన్నా, కూర్చో" అంది హైమ. "ఈయన జన్మలో నాతో అబద్ధం ఆడలేరు. ఆడ్డానికి కావలసిన సరుకు తల లోపల లేదు. అంత భరోసా నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?"

అది పొగడ్తే అనుకుని గవర్రాజు మీసం దువ్వాడు. "మా వంశంలోనే లేదమ్మా ఆ సరుకు" అన్నాడు గర్వంగా.

కామరాజు పెద్దగా నిట్టూర్చాడు. "నీ ఇష్టం తల్లీ. కానీ గవర్రాజుగారూ, గుండు పెళ్ళికొడుకుని పీటల మీద కూర్చోబెడితే మా వాళ్ళు నన్ను బతకనివ్వరు. జుట్టు మొలిచాకే ముహూర్తం. అదే నా మాట."

"వేళ్ళు లోపల భద్రంగానే ఉంటాయి" అంది హైమ, మెట్లు దిగుతూ. "ఏమీ రాయకండి. ఏమీ చల్లకండి. తినేదేదీ తల మీద పొయ్యకండి. ఊరికే ఉంటే అదే మొలకెత్తుతుంది."

ఆటో మలుపు తిరగ్గానే అరుగు మీద మళ్ళీ సభ.

"రాయొద్దంది, చల్లొద్దంది, పొయ్యొద్దంది" అని వరాలమ్మ వేళ్ళు మడిచింది.

"మొలకెత్తాలంది" అన్నాడు తాతబ్బులు. "మొలకెత్తితేనే ముహూర్తం. నాన్నా, ఎంత తొందరగా మొలిస్తే అంత మంచిది."

"ఓరి అబ్బులూ! మొలకలంటే కొత్త సంగతా మనకి? ఏటా నారు పోసే ముందు ఏం చేస్తాం?"

"మండె కడతాం!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో.

మండె కట్టడం ఆ ఊళ్ళో ప్రతి రైతుకీ తెలిసిన పనే. విత్తనం వడ్లు నానేసి, తడి గోనెలో మూట కట్టి, పైన గడ్డి కప్పి, బరువు పెడతారు. ఆ వెచ్చదనానికి వడ్లు తెల్లగా మొలక చూపిస్తాయి. హైమ వద్దన్న మాటల్లో మండె మాట లేదు. ఇంకేముంది!

తాతబ్బులు తలని కాలవ నీళ్ళలో నానేశారు. తడి గోనె తొడిగి మెడ దగ్గర వదులుగా కట్టారు. ఊపిరాడాలి కదా, తెలివైనవాళ్ళాయె! పాకలో విత్తనాల మూటల పక్కనే, వరసలో కూర్చోబెట్టారు. తల మీద గడ్డి కప్పారు. దాని మీద రుబ్బురోలు పొత్రం పెట్టి, అది దొర్లిపోకుండా మామ్మని కాపలా ఉంచారు. పూటపూటా గవర్రాజు వచ్చి, మూటలన్నిటి మీదా చెంబుడు నీళ్ళు చిలకరించి, వేలు దూర్చి చూసి పోతున్నాడు.

మర్నాడు హైమ ఫోను చేసింది. మామ్మ ఫోను గోనె మీద ఆనించింది.

"ఎలా ఉన్నారండీ? ఏం చేస్తున్నారు?"

గోనె లోపల్నించి తాతబ్బులు గొంతు, తడిగా, సంతోషంగా వచ్చింది.

"మొలకెత్తుతున్నానండీ. ఎల్లుండి నారుమడిలో నాటేస్తారట. తల పైకి పెట్టాలా, కిందికి పెట్టాలా అన్నదే ఇంట్లో ఇంకా తేల్లేదు."